పాలు మాన్పించడానికి కూడా ఫీజు ఇవ్వాలా? మారతహళ్ళి సలహా కేంద్రంపై నా అభిప్రాయం

మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డుకు వెళ్ళే దారిలో, ఒక మందుల షాపు పై అంతస్తులో నడుస్తున్న తల్లిపాల సలహా కేంద్రానికి ఈ మధ్య కొన్ని వారాలపాటు వెళ్ళి, ఏడాదిన్నర దాటిన మా పాప చేత పాలు మాన్పించే విషయంలో వారి సహాయం తీసుకున్నాను. కాన్పు అయిన కొత్తలో బిడ్డ రొమ్ము పట్టడం లేదనో, పాలు చాలడం లేదనో ఇటువంటి కేంద్రాలకు వెళ్ళేవారు బెంగళూరులో చాలామందే ఉన్నారు గాని, మాన్పించడానికి కూడా డబ్బిచ్చి సలహా అడగడమేమిటని మా ఇంట్లోనే కాక మా అపార్టుమెంటులోని తెలుగువాళ్ళలోనూ పలువురు ఆశ్చర్యపోయారు. వారికి ఇచ్చిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవీ ఉన్నాయి కనుక కేంద్రం పేరు చెప్పడం లేదు. పైగా ఇందులో చాలా భాగం ఇటువంటి ఏ కేంద్రానికి వెళ్ళినా అడిగి తెలుసుకోవలసినదే.

మన ఇళ్ళలో పాలు మాన్పించే పద్ధతులన్నీ బిడ్డను దృష్టిలో పెట్టుకుని పుట్టినవే. చనుమొనకు వేపాకు ముద్ద రాయడం, ముసాంబరం పూయడం, బిడ్డను నాలుగు రోజులు అమ్మమ్మగారింట్లో వదిలిపెట్టి రావడం, వీటిలో ఏది చేసినా బిడ్డ మానేసిందంటే పని అయిపోయినట్టే లెక్క. పాలు మాత్రం ఎప్పటిలాగే ఊరుతూనే ఉంటాయి. రొమ్ములు బరువెక్కి, చంకల దాకా సలుపుతూ, చెయ్యి ఎత్తడానికి కూడా వీలులేని రెండు మూడు రోజులను తల్లి ఎవరికీ చెప్పకుండా భరిస్తుంది. ఈ కేంద్రంలో నాకు నచ్చినదల్లా ఆ లెక్కను తిరగేయడమే. బిడ్డ ఎంత త్వరగా మానుతుందన్నదాన్ని బట్టి కాక, తల్లి రొమ్ము ఎంత నెమ్మదిగా సర్దుకుంటుందన్నదాన్ని బట్టి వారు వేగాన్ని నిర్ణయిస్తారు.

మొదటి రోజు ముప్పావు గంటకు పైగా మాట్లాడిన కన్సల్టెంటు గారు, మాన్పించడం ఎలాగో చెప్పడానికి ముందు ఎందుకు మాన్పించాలనుకుంటున్నానో అడిగారు. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళ వరకు, తల్లీబిడ్డలకు ఇష్టమైతే ఆపైన కూడా ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న సంగతిని గుర్తుచేశారు గాని, దాన్ని అడ్డుపెట్టుకుని నన్ను నేరస్థురాలిలా చూడలేదు. ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు పోయి వారానికి అయిదు రోజులూ బెళ్ళందూరు ఆఫీసుకు వెళ్ళవలసి వచ్చిందని, రాత్రుళ్ళు నిద్ర బొత్తిగా ఉండడం లేదని చెప్పాను. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చునని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టంతో నిబంధన వచ్చింది కదా, మీ ఆఫీసులో ఉందా అని ఆవిడ అడిగారు. పగటివి మాత్రమే ఆపి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఎన్ని నెలలైనా కొనసాగించుకోవచ్చునని, పూర్తిగా మాన్పించడమొక్కటే దారి కాదని అప్పుడే చెప్పారు. నేను పూర్తిగానే మాన్పించదలచుకున్నాను. కాని అలా సగంలో ఆగడానికి కూడా వీలుందని ఆ రోజు దాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత చేతికిచ్చిన పని చాలా చిన్నది. మూడు రోజులపాటు పాప ఎప్పుడెప్పుడు పాలు తాగుతోందో, ఎందుకు తాగుతోందో ఒక కాగితం మీద రాయమన్నారు. ఆకలికి, నిద్రకు, దెబ్బ తగిలినప్పుడు, ఊరికే అని నాలుగు గడులు. ఆ కాగితం చూసుకుంటే, మా పాప మధ్యాహ్నం తాగేవాటిలో సగానికి పైగా నేను సోఫాలో కూర్చున్నానన్న ఒక్క కారణం చేతనే తాగుతోందని తేలింది. కన్సల్టెంటు గారు ఆ 'ఊరికే' గడిలో ఉన్నవాటిని ముందు ఎంచుకున్నారు. అడగకపోతే ఇవ్వవద్దు, అడిగితే కాదనవద్దు, కాని అడగవలసిన అవసరం రాకుండా ఆ వేళకు సోఫాలో కూర్చోకండి అన్నారు. ఆ వేళకు మా అత్తగారు పాపను లిఫ్టులో కిందికి తీసుకువెళ్ళి కుక్కలను చూపించి, ఒక అరటిపండు తినిపించి తీసుకువచ్చేవారు. అంతటితో ఒక పూట పోయింది, ఏడుపూ లేదు.

ఒక పూట ఆపాక రెండవదాన్ని ఎప్పుడు ఆపాలన్నది అసలు సంగతి. మూడు రోజులకు ఒకటి, వారానికి ఒకటి అని చాలాచోట్ల చెబుతారు. వీరూ ఇంచుమించు అదే చెప్పారు గాని, తేదీని కాకుండా రొమ్మును చూసి ముందుకు వెళ్ళమన్నారు. ఆపేసిన ఆ వేళకు రొమ్ము ఇంకా బిగుస్తూ ఉంటే రెండవ పూట జోలికి వెళ్ళకూడదు; ఆ వేళ గడిచిపోయినా మెత్తగానే ఉన్నట్టు అనిపించిన నాడు తర్వాతిదాన్ని ఆపవచ్చు. దీనికి కారణం చెప్పినప్పుడు ఆవిడ మా అపార్టుమెంటు పైనున్న నీళ్ళ ట్యాంకును ఉదాహరణగా తీసుకున్నారు: ట్యాంకు నిండితే ఫ్లోటు వాల్వు మూసుకుని మోటారు నీళ్ళు ఆగినట్టే, రొమ్ములో పాలు కొంతసేపు నిలిచి ఉంటే కొత్త పాలు ఊరడం తనంతట తానే మందగిస్తుందట. పాలు ఊరడానికి ప్రొలాక్టిన్, పాలు చేపడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు కారణమని మనలో చాలామంది విన్నాం; కాని కాన్పు అయిన కొన్ని వారాల తర్వాత ఎన్ని పాలు ఊరాలన్నదాన్ని చాలావరకు నిర్ణయించేది రొమ్ము ఎంత ఖాళీ అవుతున్నదన్నదే. అందుకే ఒక్కసారిగా అన్నీ ఆపితే నొప్పి, ఒక్కొక్కటిగా ఆపితే సర్దుబాటు. రెండు రొమ్ములు రెండు విధాలుగా సర్దుకోవచ్చునని కూడా చెప్పారు. నాకు ఎడమవైపు చాలా ఆలస్యమైంది.

మధ్యలో బిగువు వచ్చినప్పుడు ఏం చేయాలో చేతితో చేసి చూపించడం ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం. బొటనవేలు ఒకవైపు, మిగిలిన వేళ్ళు ఇంకొకవైపు నల్లని వలయానికి కాస్త వెనకగా ఆనించి, ముందు ఛాతీవైపు నొక్కి, ఆ తర్వాత వేళ్ళను మెల్లగా దగ్గరకు తేవాలి. చనుమొనను లాగకూడదు, చర్మం మీద వేళ్ళు రుద్దుకుపోకూడదు. నొప్పి తగ్గేంత పాలు వస్తే చాలు, అక్కడే ఆపాలి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పిండితే ఇంకా కావాలని శరీరానికి చెప్పినట్టే అవుతుంది. నాలుగైదు చెంచాల పాలు తీయడంతోనే అంత ఉపశమనం ఉంటుందని, బకెట్టు పక్కన పెట్టుకుని కూర్చోనక్కరలేదని నేర్చుకోవడానికే ఇచ్చిన ఫీజు చెల్లిపోయిందని నా అభిప్రాయం. ఇది చదివి నేర్చుకోవడం కష్టం. ఎంత గట్టిగా నొక్కాలన్నది ఎదుటి మనిషి చూసి సరిదిద్దితేనే తెలుస్తుంది.

బిగువు తగ్గడానికి ఇంటి చిట్కాలుగా మాట్లాడుకున్నవి రెండు. హాప్‌కామ్స్ కూరగాయల దుకాణంలో ఒక క్యాబేజీ కొని, ఆకులు విడదీసి కడిగి ఫ్రిజ్‌లో పెట్టి, మధ్య ఈనె తీసేసి రొమ్ము చుట్టూ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఆకు వాడిపోగానే తీసెయ్యాలి, పగుళ్ళు ఉన్న చోట పెట్టకూడదు. దీనిలో మందు గుణం ఉందనడానికి రుజువులు అంత బలంగా లేవని, చల్లదనమే పని చేస్తుందనుకోవచ్చునని ఆవిడే చెప్పడం నాకు నచ్చింది. రెండవది మల్లెపూలు. మా అత్తగారు మొదటి నుంచీ మూరెడు మల్లెపూలు కట్టుకుంటే పాలు ఇంకిపోతాయని అంటూనే ఉన్నారు, ఈ చదువుకున్నవాళ్ళు నవ్వుతారేమోనని కాస్త బిడియపడుతూనే కన్సల్టెంటు గారిని అడిగారు కూడా. ఆవిడ నవ్వలేదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు కాన్పు అయిన స్త్రీలలో మల్లెపూలను, అప్పట్లో పాలు ఆపడానికి వాడిన బ్రోమోక్రిప్టిన్ మాత్రలతో పోల్చి 1988లో ఫలితాలు ప్రచురించారని, రక్తంలో ప్రొలాక్టిన్ మాత్రతోనే ఎక్కువ తగ్గినా, పూలతోనూ తగ్గిందని, రొమ్ముల బిగువు, పాల తగ్గుదల విషయంలో రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయని చెప్పారు. అయితే ఆ పరిశోధన చిన్నదని, అది కొత్త బాలింతల గురించినదే గాని ఏడాదిన్నర పాటు పాలిచ్చిన తల్లుల గురించినది కాదని, కనుక పూలు పెట్టుకోండి గాని వాటిని నమ్ముకుని పూటలను వేగంగా తగ్గించకండి అని కూడా అన్నారు. వద్దన్నది పూలను కాదు, పూల మీదుగా బిగించి కట్టే గుడ్డను. పాతకాలంలో అలా కట్టడం వల్ల పాలు నిలిచిన చోట గడ్డలు కట్టే ప్రమాదం ఎక్కువ. ఒత్తని, కాని ఆసరాగా ఉండే బ్రా చాలు. సాయంత్రం పూలమ్మి దగ్గర మా అత్తగారు బేరమాడి తెచ్చిన మాలలతో మా పడకగది కొన్నాళ్ళు పెళ్ళివారి విడిదిలా గుబాళించింది.

మెచ్చుకోలు ఇక్కడ ఆపి ఫిర్యాదులకు వస్తాను. కన్సల్టెంటు గారు నోటితో చెప్పినదానికి, కేంద్రం వారు ఫైలులో పెట్టి ఇచ్చిన కరపత్రంలో ఉన్నదానికి పొంతన లేదు. రొమ్ములో గడ్డ తగిలితే వేడి కాపడం పెట్టి, గట్టిగా మర్దన చేసి, పంపుతో పూర్తిగా ఖాళీ చేయమని కరపత్రం చెబుతోంది. పదేళ్ళ క్రితం అందరూ అదే చెప్పేవారు. తల్లిపాల విషయంలో పనిచేసే వైద్యుల సంస్థ అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో తన మార్గదర్శకాలను మార్చింది: గట్టి మర్దన లోపలి కణజాలాన్ని ఇంకా వాచేలా చేస్తుంది, అతిగా పిండడం పాలను పెంచుతుంది, కాబట్టి చల్లని కాపడం, తేలికైన స్పర్శ, అవసరమైతే వాపు తగ్గించే మందులు అన్నది ఇప్పటి మాట. కన్సల్టెంటు గారు ఇదే చెప్పారు. కాని అర్ధరాత్రి గడ్డ తగిలి భయపడే తల్లి చేతిలో ఉండేది ఆవిడ కాదు, ఆ కరపత్రం. ఈ విషయం రిసెప్షన్‌లో చెబితే 'పాత స్టాకు అయిపోగానే మారుస్తాం మేడమ్' అన్నారు. ఇటువంటి విషయంలో పాత స్టాకు అయిపోయేదాకా ఆగడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఇదే సందర్భంలో అందరూ గుర్తుంచుకోవలసినది ఒకటుంది. రొమ్ములో ఒకచోట ఎర్రబారి, ముట్టుకుంటే వేడిగా ఉండి, చలి జ్వరంతో ఒళ్ళు నొప్పులు వస్తే అది మాన్పించే సమయం కాదు. ఆ రోజుల్లో బిడ్డ తాగుతున్నదాన్ని అకస్మాత్తుగా ఆపితే పరిస్థితి ముదిరి చీము గడ్డగా మారవచ్చు. ఒక రోజులో తగ్గకపోతే, లేదా జ్వరం ఎక్కువగా ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. ఇవన్నీ ఆవిడ స్పష్టంగా చెప్పారు, రాసి మాత్రం ఇవ్వలేదు.

మా అపార్టుమెంటులో ఒకావిడ, మాత్ర వేసుకుంటే రెండు రోజుల్లో పాలు ఎండిపోతాయి కదా, ఇంత తతంగమెందుకని అడిగారు. కేంద్రంలో దీనికి చాలా సూటిగా జవాబిచ్చారు: మాత్రలు రాయడం తమ పని కాదు, మందుల షాపులో సొంతంగా అడిగి కొనుక్కోవద్దు. బ్రోమోక్రిప్టిన్‌ను పాలు ఆపడానికి వాడడాన్ని అమెరికాలో 1990లలోనే విరమించారు. రక్తపోటు పెరగడం, ఫిట్స్, పక్షవాతం వంటి ప్రమాదాలు అందుకు కారణం. కాబర్గోలిన్ అనే మరొక మందును కొన్ని పరిస్థితులలో డాక్టర్లు ఇస్తారు గాని, రక్తపోటు ఉన్నవారికి, మానసిక సమస్యలు ఉన్నవారికి జాగ్రత్త అవసరం. కింద మందుల షాపు, పైన సలహా కేంద్రం ఉన్న చోట ఈ మాట చెప్పడం వారి నిజాయితీకి గుర్తు.

గోడల మీద పాలపొడి కంపెనీల క్యాలెండరు గాని, సీసాల బొమ్మలు గాని ఒక్కటీ లేకపోవడం కూడా గమనించాను. పాలపొడి, పాలసీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టాన్ని నగరంలో ప్రతి క్లినిక్కూ ఇంత శ్రద్ధగా పాటిస్తుందని చెప్పలేను. కాని అదే కేంద్రంలో 'వీనింగ్ కిట్' పేరుతో 1,800 రూపాయల సంచి ఒకటి అమ్ముతారు. జెల్ ప్యాడ్లు, పాలు పీల్చే ప్యాడ్లు, ఒక చేతి పంపు. పాలు తగ్గించుకోవడానికి వచ్చిన మనిషికి పంపు ఎందుకు? కన్సల్టెంటు గారు ఒక్కసారి కూడా దాన్ని కొనమనలేదు. రిసెప్షన్‌లో మాత్రం ప్రతిసారీ అడిగారు. క్యాబేజీ ఆకులు, మడిచిన పాత నూలు గుడ్డ ఆ సంచి చేయగల పనంతా చేశాయి.

బిడ్డ ఆహారం గురించి చెప్పినది క్లుప్తంగానే ఉన్నా సరిగ్గా ఉంది. ఏడాది దాటిన బిడ్డకు అన్నం, పప్పు, గుడ్డు, రాగి జావ, కూరగాయలే అసలు తిండి; తల్లిపాలు పోయినంతమాత్రాన నందిని పాల పాకెట్లతో పొట్ట నింపనక్కరలేదు. రోజుకు అర లీటరుకు మించి ఆవుపాలు పడితే బిడ్డకు అన్నం మీద ఆకలి పోయి, ఇనుము తగ్గి, రక్తహీనత వచ్చే అవకాశం ఉంది. ఇచ్చే పాలు గ్లాసుతో ఇవ్వాలి. ఒక అలవాటు మాన్పించబోయి సీసా అలవాటు చేస్తే, మళ్ళీ దాన్ని మాన్పించడానికి ఇంకొక కేంద్రం వెతుక్కోవాలి. ఏడాది నిండని పిల్లల విషయం వేరు, వారికి తల్లిపాలు ఆపితే బదులుగా ఏమి ఇవ్వాలో పిల్లల డాక్టరే చెప్పాలి. బిడ్డకు జలుబు, జ్వరం ఉన్నప్పుడు, కొత్తగా ఆయా వచ్చినప్పుడు, ఇల్లు మారినప్పుడు, ఊరి ప్రయాణాలప్పుడు మొదలుపెట్టవద్దన్న సలహా వల్ల మేము సంక్రాంతికి హిందూపురం వెళ్ళి వచ్చేదాకా ఆగాము.

రాత్రి పూటల విషయంలో వారి సలహా బలహీనంగా ఉందనే చెప్పాలి. నిద్రకు ముందు తాగేది, తెల్లవారుజామున తాగేది ఆఖరికి వదిలిపెట్టమనడం వరకు బాగానే ఉంది. కాని పాప రెండు గంటలకు లేచి జాకెట్టు లాగుతూ ఏడ్చినప్పుడు ఏం చేయాలన్నదానికి 'నాన్నగారిని పడుకోబెట్టమనండి' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. రాత్రి షిఫ్టులో పనిచేసే నాన్నగారు ఉన్న ఇళ్ళు బెంగళూరులో ఎన్ని లేవు? చివరికి మా అత్తగారే దారి చూపించారు. ఆవిడ పాప పక్కన పడుకుని, వీపు నిమురుతూ, లేచినప్పుడు రెండు గుక్కలు నీళ్ళు పట్టి, ఊళ్ళోని ఆవుదూడల పేర్లన్నీ చెబుతూ నిద్రపుచ్చేవారు. నేను పక్క గదిలో తలుపు వేసుకుని పడుకునేదాన్ని. పాప గొంతు వినబడగానే నాకు చేపు వచ్చి బట్టలు తడిసిపోయేవి. అది కూడా మామూలేనని, పూర్తిగా మానేశాక కొన్ని వారాలు, ఒక్కొక్కరికి కొన్ని నెలల పాటు నాలుగు చుక్కలు రావచ్చునని, ఇంకా వస్తున్నాయా అని రోజూ నొక్కి చూసుకోవడమే వాటిని ఆపకుండా చేస్తుందని తర్వాత వీడియో కాల్‌లో కన్సల్టెంటు గారు చెప్పారు.

ఇంకొక లోటు ఇంతకంటే పెద్దది. మాన్పించాక తల్లి మనసు గురించి వారు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆఖరి పూట ఆపిన తర్వాత వారంలో నాకు కారణం లేకుండా ఏడుపు, చిరాకు, పాప నాకు దూరమైపోయిందన్న దిగులు వచ్చాయి. ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ తగ్గుతున్నప్పుడు కొందరు తల్లులకు ఇలా అనిపించడం తెలిసిన విషయమేనని, నెమ్మదిగా మాన్పించినవారికి సాధారణంగా ఇది తేలికగా ఉంటుందని, రెండు వారాలకు మించి సాగితే, లేదా ఇదివరకు డిప్రెషన్ వచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా రమ్మని మా గైనకాలజిస్టు గారు చెప్పారు. సౌఖ్యం అంటే రొమ్ము నొప్పి లేకపోవడమొక్కటే కాదు కదా. ఈ రెండు నిమిషాల మాట మొదటి రోజే చెప్పి ఉండవలసింది.

ఇక వెళ్ళదలచినవారికి ఉపయోగపడే సంగతులు. మొదటి సంప్రదింపుకు 2,500 రూపాయలు, ఆ తర్వాత వీడియో కాల్‌కు 900 తీసుకున్నారు. ఇంటికి రావడానికి రాకపోకల ఖర్చు అదనం. కన్సల్టెంటు గారు తెలుగు, కన్నడం రెండూ మాట్లాడతారు కనుక మా అత్తగారు నేరుగా అడిగి తెలుసుకోగలిగారు, కాని నింపవలసిన ఫారాలు, కరపత్రం అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. సాయంత్రం ఆరు దాటాక పంపిన వాట్సాప్ సందేశాలకు మరునాటి దాకా జవాబు రాదు. ఎక్కడికి వెళ్ళినా, సలహా ఇచ్చేవారు తల్లిపాల సలహాదారులకు పరీక్ష పెట్టే, 1985లో ఏర్పడిన అంతర్జాతీయ లాక్టేషన్ పరీక్షా బోర్డు (IBLCE) సర్టిఫికెట్ ఉన్నవారేనా, అయిదేళ్ళకొకసారి దాన్ని పునరుద్ధరించుకున్నారా అని అడగడం మర్యాదకు భంగం కాదు. బిడ్డ తనంతట తానే రోజుకు ఒకటి రెండుసార్లకు తగ్గించుకుని ఉంటే ఈ ఖర్చు అనవసరం. రోజంతా తాగే బిడ్డ, పాలు సమృద్ధిగా ఉన్న తల్లి, ఇదివరకు గడ్డలు కట్టిన అనుభవం, ఆఫీసు గడువు, వీటిలో రెండు కలిసినా వెళ్ళవచ్చునంటాను. శనివారం రద్దీలో ఆవిడ గడియారం చూస్తూ మాట్లాడతారు. వారం మధ్యలో ఉదయం పదకొండు గంటల వేళకు, ఆ మూడు రోజుల కాగితాన్ని ముందే రాసుకుని వెళ్తే రెండవ సంప్రదింపు ఫీజు మిగులుతుంది.